హాఫ్ ఇంజన్ పని ఇంట్లోనే: పాత బుల్లెట్ పైభాగం విప్పి కట్టుకోవడం గురించి ఒక ప్రసంగం

(విశాఖపట్నంలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న బాబులు కొంచెం ముందుకి రండి. ఇక్కడ బల్ల మీద పెట్టిన సామాను దగ్గరనుంచి చూస్తేనే అర్థమవుతుంది. రండి, రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, నువ్వు కూడా రా. ఇంజనీరింగు చదువుతున్నానన్నావు కదా, నీకు దీంతో చాలా పని ఉంటుంది.

నేను ఓడల మరమ్మతు పనిలో ఫిట్టరుగా ముప్ఫై ఏళ్ళ పైచిలుకు చేశాను. పెద్ద పెద్ద డీజిల్ ఇంజన్లు, మనిషి లోపల దిగి నిలబడే సిలిండర్లు చూశాను. ఇవాళ మాట్లాడబోయేది మాత్రం అరచేతిలో పట్టే పిస్టన్ గురించి. మా నాన్నగారు 1984లో కొన్న బుల్లెట్ 350. ఇనప బ్యారెల్ ఇంజన్, అంటే పిస్టన్ ఆడే గొట్టం పోత ఇనుముది. బోరు, అంటే ఆ గొట్టం లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందకీ నడిచే దూరం, 90. లెక్క కడితే 346 సీసీ. 1955 నుంచి మద్రాసులో కడుతూ వచ్చిన బండి ఇది. ఇంజన్ మారుతూ వచ్చినా ఈ 70, 90 అంకెలు మాత్రం దశాబ్దాల పాటు మారలేదు. అందుకే దీని మీద నేర్చుకున్న పని వృథా పోదు.

మెకానిక్కులు రెండు మాటలంటారు, మీరూ వినే ఉంటారు. ఫుల్ ఇంజన్, హాఫ్ ఇంజన్. అడుగున పిస్టన్ నడకని తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంకు. ఆ క్రాంకు దాకా మొత్తం విప్పితే ఫుల్ ఇంజన్. బ్యారెల్ మీద మూతలా ఉండే హెడ్డు, బ్యారెల్, పిస్టన్, గాలినీ పొగనీ వదిలే వాల్వులు, ఇంతవరకే విప్పితే హాఫ్ ఇంజన్. ఈ హాఫ్ ఇంజన్ పని ఇంట్లో చేసుకోవచ్చు. చేసుకోవచ్చు అంటే ఏదో సర్దుకుపోవడం అనుకోకండి, షాపులో కంటే బాగా చేసుకోవచ్చు. ఎందుకో చెబుతాను. నట్లు విప్పడానికి ఒక పూట పడుతుంది. మళ్ళీ బిగించడానికి ఒక పూట. ఆ రెండు పూటల మధ్యలో ఉన్న వారం రోజులే అసలు పని. కొలవడం, కడగడం. కొలవడం, కడగడం. షాపువాడికి ఆ వారం లేదు. వాడి గుమ్మంలో ఇంకో పది బండ్లుంటాయి. మీకు ఆ వారం ఉంది.

సరే, అసలు విప్పాలా వద్దా? ఇది మొదటి ప్రశ్న. బండి పొగ వదులుతోంది, పుల్లింగ్ లేదు అనగానే పిస్టన్ కొనేస్తాం. ఎందుకు కొన్నారు? పిస్టన్ పోయిందని ఎవరు చెప్పారు?

బుల్లెట్‌కి కిక్కరే పెద్ద పరీక్ష. ఇంజన్ ఆపి, కిక్కర్ మీద మెల్లగా బరువు వెయ్యండి. కంప్రెషన్ దగ్గరికి, అంటే పిస్టన్ గాలిని నొక్కే చోటికి, వచ్చి ఆగుతుంది. మంచి ఇంజన్ అయితే మిమ్మల్ని అలా కాసేపు మోస్తుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. పాడైపోయిన ఇంజన్ అయితే అలా నిలవదు, మెత్తగా జారిపోతుంది. అప్పుడు ప్లగ్గు తీసి కంప్రెషన్ గేజి పెట్టండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టి అంకె రాసుకోండి. తర్వాత ప్లగ్గు కన్నంలోంచి ఒక టీ స్పూను ఇంజన్ ఆయిలు పోసి మళ్ళీ కొట్టండి. అంకె బాగా పెరిగిందా? ఆయిలు పిస్టన్‌కి తొడిగిన రింగుల చుట్టూ చేరి సందు మూసింది, అంటే జబ్బు రింగుల్లోనో బోరులోనో ఉంది. పెరగలేదా? అయితే గాలి వాల్వుల దగ్గర పోతోంది. లేదా ఈ బండికి లోపలి ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ వాల్వు ఒకటుంది కదా, దాన్నీ అనుమానించాలి. చెంచాడు ఆయిలుతో తేలే సంగతి ఇది. దీనికోసం ఇంజన్ విప్పక్కర్లేదు.

పొగ కూడా చెబుతుంది. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోందని అందరికీ తెలుసు. ఎప్పుడు వస్తోంది? లోడు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే ముందు రింగుల వైపు చూడండి. పల్లంలో యాక్సిలరేటర్ మూసి దిగి, కింద మళ్ళీ తెరవగానే ఒక్కసారి గుప్పుమంటే వాల్వు గైడుల వైపు, అంటే వాల్వు కాడ ఆడే గొట్టాల వైపు, చూడండి. కైలాసగిరి దిగి వస్తే ఈ పరీక్ష అయిపోతుంది. నల్ల పొగ అయితే ఇంజన్ జోలికి పోవద్దు, కార్బురేటర్ చూసుకోండి.

ఇప్పుడు నా బండి సంగతి. 2014 అక్టోబర్ 12 మీకందరికీ గుర్తే. హుద్‌హుద్. మా ఇంటి ముందు చెట్టు కూలి బండి మీద పడింది. ట్యాంకు నొక్కుకుపోయింది, హెడ్‌లైటు పోయింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, బండి గురించి ఎవరు ఆలోచిస్తారు? నెలల తర్వాత చెట్టు, మట్టి అన్నీ అయ్యాక పైపైన తుడిచి కిక్కు కొట్టాను. కదల్లేదు. కిక్కర్ రాయిలా ఉంది. ఒక షాపుకి తోయించుకెళ్తే, విప్పకుండానే ఫుల్ ఇంజన్ అన్నారు. క్రాంకు, పిస్టన్, మొత్తం. చూడకుండా ఎలా చెప్పారని అడిగితే జవాబు లేదు. ఇంటికి తెచ్చేసుకున్నాను.

హెడ్డు ఎత్తి చూస్తే ఏముంది? పిస్టన్ ఆగిన చోటికి సరిగ్గా పైన, బోరు చుట్టూ ఎర్రటి తుప్పు పట్టీ. వడ్డాణం పెట్టినట్టు. ఎందుకొచ్చింది? ఇంజన్ ఆగినప్పుడు ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుని ఉంది. ఆ దారిలోంచి మన సముద్రపు గాలి నెలల తరబడి లోపలికి పోయింది. పోత ఇనుముకి ఉప్పు గాలి తగిలితే ఏమవుతుందో వైజాగువాళ్ళకి నేను చెప్పాలా? మన కిటికీ ఊచల్ని చూస్తే తెలుస్తుంది. అందుకే, బండిని ఎక్కువకాలం పక్కన పెట్టేటప్పుడు కంప్రెషన్ మీదకి తెచ్చి ఆపండి. రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. ప్లగ్గు కన్నంలో రెండు చెంచాల ఆయిలు పోసి పెట్టండి. ఇంతే చేసి ఉంటే నా బోరు బతికేది.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. ముందురోజు రాత్రే స్టడ్డులకీ నట్లకీ తుప్పు వదిలే ఆయిలు పట్టించి వదిలేయండి. తెల్లారి మళ్ళీ పట్టించండి. మొండికేసిన నట్టు మీద బలం చూపిస్తే అల్యూమినియంలోని మర ఊడి వస్తుంది, అప్పుడు పది రూపాయల పని వెయ్యి రూపాయల పనవుతుంది. విప్పిన ప్రతి వస్తువూ ఎక్కడిదో ఫోన్లో ఫోటో తీసుకోండి. వాల్వుల్ని తెరిపించే కడ్డీలు, పుష్‌రాడ్లు, రెండూ ఏది దేనిదో గుర్తు కట్టుకోండి, ఎక్కడివి అక్కడికే వెళ్ళాలి. మా ఇంట్లో పాత ఇడ్లీ ప్లేట్లు ఉంటే మా ఆవిణ్ణి అడిగి తీసుకున్నాను. ఒక్కో గుంటలో ఒక్కో జాగా నట్లు, వాషర్లు. ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే ఏదీ దొర్లిపోదు. దానికి మించిన ట్రే నేను ఇంతవరకూ చూడలేదు.

బ్యారెల్ పైకి లాగేటప్పుడు ఒక్కమాట. సగం లేవగానే ఆగి, కింద క్రాంకు ఉండే కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఆ తర్వాతే పూర్తిగా తియ్యండి. పిస్టన్ పిన్నుకి రెండు పక్కలా లాకులుంటాయి, ఇదిగో, ఇంత తీగ ముక్క. తీస్తుంటే చిటుక్కున ఎగురుతుంది. గుడ్డ లేకపోతే తిన్నగా క్రాంకులోకి. అప్పుడు నిజంగానే ఫుల్ ఇంజన్. ఇంకోటి, తీసిన లాకులు మళ్ళీ వాడొద్దు. కొత్తవి వెయ్యండి.

ఇక కొలత. దీని దగ్గర కాసేపు ఉంటాను, ఎందుకంటే ఇక్కడే అందరూ చేతులెత్తేస్తారు. బోర్ గేజి లేదండీ, మైక్రోమీటర్ లేదండీ అంటారు. ఫీలర్ గేజి ఉందా? ట్యాపెట్లకి, అంటే వాల్వుల దగ్గర సందు సరిచూడ్డానికి, వాడే ఆ సన్నటి రేకుల కట్ట? అది చాలు.

ఓడ ఇంజన్లో సిలిండర్ లైనరు అరుగుదల ఎలా చూస్తాం? పైనుంచి కిందకి ఇన్ని చోట్ల అని గుర్తు పెట్టుకుని, ప్రతి చోటా ముందు-వెనక ఒకసారి, ఎడమ-కుడి ఒకసారి కొలుస్తాం. ఎందుకలా? సిలిండర్ అంతా ఒకేలా అరగదు. పై రింగు వెళ్ళి తిరిగొచ్చే చోట ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే అక్కడ వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ, రింగు ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరుగుతుంది. కింద దాదాపు అరగదు. మన బండీ అంతే. బోరు పై అంచు దగ్గర గోరు పెట్టి కిందకి లాగండి. గోరుకి మెట్టు తగిలిందా? ఆ మెట్టు ఎంతుంటే అరుగుదల అంత.

ఇప్పుడు దాన్ని అంకెలోకి మారుద్దాం. ఒక రింగు తీసుకుని బోరులో పెట్టి, పిస్టన్ తలకిందులుగా పట్టుకుని రింగుని లోపలికి తొయ్యండి. అలా తోస్తే రింగు వంకర లేకుండా సమంగా కూర్చుంటుంది. రింగు రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజితో చూడండి. బోరు అడుగున ఒకసారి. నడిమిన ఒకసారి. పైన అరిగిన చోట ఒకసారి. నా బ్యారెల్‌కి అడుగున 12 థౌ వచ్చింది, పైన 27 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం రెండు మూడు థౌ ఉంటుంది. తేడా ఎంత? 15. రింగు సందు పెరిగింది అంటే బోరు చుట్టుకొలత పెరిగినట్టు. చుట్టుకొలతని వ్యాసంగా మార్చాలంటే? అమ్మా, నువ్వు చెప్పు. అవును, పై, అంటే 3.14. సుమారుగా మూడుతో భాగించు. ఐదు. పైన బోరు ఐదు థౌ వెడల్పయింది. ఒక రేకుల కట్టతో ఇంట్లో కూర్చుని వెంట్రుకలో సగం దాకా కొలిచేశాం. దీంట్లో భయపడాల్సింది ఏముంది?

కొత్త రింగుకి సందు ఎంతుండాలంటారా? బోరు అంగుళానికి నాలుగు థౌ అని పాత లెక్క ఒకటుంది. 70 మిల్లీమీటర్లంటే రెండుముప్పావు అంగుళాలు, అంటే పదకొండు థౌ చుట్టుపక్కల. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకె ఉంటే అదే పాటించండి. సందు మరీ తక్కువైతే వేడెక్కినప్పుడు కొసలు ఒకదాన్నొకటి తన్నుకుని రింగు విరుగుతుంది.

నా బోరుకి తుప్పు గుంటలు కూడా ఉన్నాయి కాబట్టి బోరింగు, అంటే బోరుని కోసి కొంచెం పెద్దది చెయ్యడం, తప్పలేదు. ఇక్కడ నాకు పాత దెబ్బ ఒకటుంది. 1996లో ఒక షాపులో బోరింగు చేయించాను. వాళ్ళు పిస్టన్ కొలవకుండా అలవాటు ప్రకారం కొట్టేశారు. సింహాచలం ఘాటు ఎక్కుతుంటే బండి ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక చక్రం రోడ్డు మీద ఈడ్చుకుంటూ ఆగింది. వెనకాల మా ఆవిడ కూర్చుని ఉంది, పక్కన లోయ. క్లచ్చు పట్టాను కాబట్టి నిలబడ్డాం. ఎందుకు బిగుసుకుంది? అల్యూమినియం పిస్టన్ వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. పైగా పిస్టన్ బ్యారెల్ కంటే ఎక్కువ వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు వదలాల్సిన సందు వదలకపోతే, ఎక్కుడులో పిస్టన్ ఉబ్బి గోడని పట్టేస్తుంది. ఆ ఒకటి రెండు థౌ దగ్గర ప్రాణం ఉంది. మాటవరసకి అనడం లేదు.

అందుకని ఈసారి ముందు పిస్టన్ కొన్నాను, ట్వంటీ ఓవర్‌సైజు, అంటే అసలు సైజు కంటే ఇరవై థౌ పెద్దది. అది చేతిలో పట్టుకుని గాజువాక ఆటోనగర్ వెళ్ళాను. నాకంటే ముందు ఒక కుర్రాడు ఉత్త బ్యారెల్ పట్టుకొచ్చాడు. లేత్ మీదున్న పెద్దాయన వాణ్ణి చూసి, "ఏటి బాబూ, పిస్టన్ లేకండా బోరు కొట్టమంతావేటి? దేనికని కొట్టీది?" అని వెనక్కి పంపేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదీ మనిషంటే అనుకున్నాను. ఆయన నా పిస్టన్ని మైక్రోమీటర్‌తో స్కర్టు దగ్గర, అంటే కింది భాగంలో, కొలిచి, అంకె సుద్దతో బ్యారెల్ మీద రాసి, అప్పుడు మిషను మీదకి ఎక్కించాడు. మీరు కూడా అలా కొలిచేవాణ్ణి వెతుక్కోండి. పిస్టన్ అడగని చోట బ్యారెల్ ఇవ్వకండి.

బోరింగు అయ్యాక హోనింగు చేస్తారు, అంటే రాయితో బోరు గోడని రుద్దుతారు. బోరు గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పడతాయి, వలలాగా. ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది. ఆ గీతల్లోనే హోనింగు రాయి పొడి కూడా దాక్కుంటుంది. ఇది వినండి. నేను చేసిన తప్పు ఇదే. బ్యారెల్ ఇంటికి తెచ్చి, పెట్రోలుతో కడిగి, గుడ్డతో తుడిచి, తళతళా మెరుస్తోందని కట్టేశాను. మూడు వందల కిలోమీటర్లు తిరగలేదు, నీలం పొగ. కొత్త పిస్టన్, కొత్త రింగులు, పొగ! విప్పి చూస్తే రింగుల మొహం మెరుపు పోయి బూడిద రంగుకి తిరిగింది, నిలువు చారలు. పొడి తినేసింది. లెక్క వెయ్యండి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పిస్టన్ ఆ నిమిషంలో 540 మీటర్లు నడుస్తుంది. అర కిలోమీటరు పైన! మధ్యలో రాయి పొడి ఉంటే ఇంకేం మిగులుతుంది?

పెట్రోలు, కిరసనాయిలు జిడ్డుని కరిగిస్తాయి. పొడిని ఎత్తి బయట వెయ్యలేవు. దానికి వేడినీళ్ళు, సబ్బు పొడి, బ్రష్షు కావాలి. రెండోసారి పెరట్లో బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను. మరిగే నీళ్ళు, బట్టల సబ్బు పొడి, సీసాలు కడిగే పొడుగు బ్రష్షు. గీతల వెంట తోమాను. తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తే బూడిద మరక. మళ్ళీ తోమాను. మళ్ళీ మరక. ఎన్నిసార్లు? ఏడుసార్లు. ఎనిమిదోసారి గుడ్డ తెల్లగా వచ్చింది. చూడ్డానికి మొదటిసారికీ ఎనిమిదోసారికీ బోరులో ఏమీ తేడా లేదు. కంటికి కనబడదు, గుడ్డకే కనబడుతుంది.

అయ్యాక క్షణం ఆలస్యం చెయ్యకండి. ఆరబెట్టి వెంటనే ఆయిలు రాయండి. మన ఊరి గాలిలో కడిగిన పోత ఇనుముని అలా వదిలేసి టీ తాగి వచ్చేసరికి నారింజ రంగు తిరుగుతుంది. నా కళ్ళ ముందే తిరిగింది. ఆయిలు సీసా మూత తీసి పక్కన పెట్టుకునే కడగడం మొదలుపెట్టండి.

వాల్వులు. ఇదిగో, ఇది చేతులు మార్చుకుంటూ చూడండి. అంచు చుట్టూ ఒక బూడిద రంగు పట్టీ కనబడుతోందా? మెరుపు లేకుండా, గీత లేకుండా, ఒకే వెడల్పులో? అదే మనకి కావలసింది. ముందు వాల్వు మీద మసి గీకండి, వెదురు బద్దతో గీకండి. స్క్రూడ్రైవర్ అల్యూమినియం హెడ్డుకి తగిలితే గాటు పడుతుంది. వాల్వుని గైడులోకి ఒక సెంటీమీటరు పైకెత్తి పక్కలకి ఊపి చూడండి. డగడగలాడితే గైడు పోయింది, అది మార్చకుండా సీటు, అంటే వాల్వు వచ్చి కూర్చునే అంచు, నూరడం దండగ. గైడు బాగుంటే సీటు మీద కొంచెం గ్రైండింగ్ పేస్టు రాసి, ఈ రబ్బరు కర్ర వాల్వు మీద అంటించి, మజ్జిగ కవ్వం తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పండి. నాలుగైదు తిప్పులకి ఒకసారి ఎత్తి, పావు చుట్టు జరిపి, మళ్ళీ. మొదట కరకరమంటుంది. వింటూ ఉండండి. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడి సన్నటి సర్రుమనే శబ్దంగా మారుతుంది. అప్పుడు తుడిచి పట్టీ చూడండి. ఎక్కడైనా తెగిందా? ఇంకొంచెం. గరుకు పేస్టు తర్వాత నున్న పేస్టు. డ్రిల్లింగ్ మిషను పెట్టి తిప్పేవాళ్ళున్నారు, వద్దు. సీటు మీద చుట్టూ గాడి పడుతుంది.

అయిందని ఎలా తెలుసు? పేస్టు మొత్తం కడిగేసి, వాల్వులు స్ప్రింగులతో కట్టి, హెడ్డుని పోర్టు, అంటే వాల్వు వెనకాల ఉన్న దారి, పైకి ఉండేలా పట్టుకుని పోర్టులో కిరసనాయిలు పొయ్యండి. వాల్వు అంచు చుట్టూ కింద వైపు చూస్తూ ఉండండి. పావుగంట. తడి రాకూడదు. నాకు మొదటిసారి ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర ఒక మూల చిన్న చెమట పట్టింది, కారలేదు, చెమటే. ఇంకో అరగంట నూరాను. ఆగిపోయింది.

కట్టడం చకచకా అయిపోతుంది. రింగుల సందులు మూడూ ఒకే వరసలో రాకుండా మూడు దిక్కులకి తిప్పండి. పిస్టన్ని వేడినీళ్ళలో ఉంచితే పిన్ను వేలితోనే దిగుతుంది, సుత్తి వద్దు. దిగేటప్పుడు కనెక్టింగ్ రాడ్డు వంగకూడదు కదా. మా ఆవిడ బ్యారెల్ పట్టుకుంది, నేను రింగులు వేళ్ళతో నొక్కుతూ ఒక్కొక్కటీ లోపలికి పంపాను. అతుకుల మధ్య ప్యాకింగు కొత్తది వెయ్యండి, గమ్ము ముద్దలుగా పూయకండి, లోపలికి పిండుకొచ్చిన ముక్క ఊడి ఆయిలు దారికి అడ్డం పడుతుంది. హెడ్డు నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్క్ పానాతో. ప్లగ్గు పెట్టకముందు పుష్‌రాడ్ తోస్తే వాల్వుని నొక్కే రాకర్‌కి వెళ్ళే ఆయిలు పైపు నట్టు కొంచెం వదులు చేసి, ఆయిలు అక్కడ కనబడేదాకా కిక్కు కొట్టండి. కనబడకపోతే స్టార్టు చెయ్యొద్దు. రాకర్లు ఆయిలు లేకుండా తిరిగితే నిమిషాల్లో పోతాయి.

స్టార్టు అయ్యాక ఇంటి ముందు నిలబెట్టి గంటసేపు ఐడిల్లో వదిలేసేవాళ్ళున్నారు. రింగులు అలా కూర్చోవు, వాటికి లోడు కావాలి. కొంచెం లాగడం, వదలడం, కొంచెం లాగడం, వదలడం. బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళి రండి, అంతకు మించిన దారి లేదు. ఎక్కడా పెద్ద ఎక్కుడు లేదు, సముద్రపు గాలికి బ్యారెల్ చల్లగా ఉంటుంది. మొదటి 500 కిలోమీటర్లు 50 స్పీడు దాటకండి, టాప్ గేరులో ఈడ్పించకండి. అనంతగిరి ఘాటు, అరకు అవన్నీ తర్వాత. చల్లారాక హెడ్డు నట్లు ఒకసారి, ట్యాపెట్లు ఒకసారి చూసుకోండి. ఆయిలు త్వరగా మార్చెయ్యండి.

ట్యాపెట్ల దగ్గర మాత్రం నాకు మాటలు చాలవు. ఈ ఇంజన్‌కి ఫీలర్ గేజి అంకె లేదు. ఇంజన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ మీద పైన ఉండాలి. పుష్‌రాడ్ వేలితో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. తిరగాలి, ఆడకూడదు. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో వేలికే తెలుస్తుంది. అందుకే బండి రాత్రే తెచ్చి బయట వేప చెట్టు కింద పెట్టాను, బాగా చల్లారి ఉంది. ట్యాపెట్ మూత తీసి ఉంది. ఒకదాన్ని సరిగ్గా సెట్ చేశాను, రెండోదాన్ని కావాలనే కొంచెం బిగువుగా వదిలాను. చేతులు తుడుచుకుని ఒక్కొక్కరే వచ్చి రెండూ తిప్పి చూడండి. ఏది బిగువో నాకు చెవిలో చెప్పండి, పక్కవాళ్ళకి చెప్పకండి. అమ్మా, ముందు నువ్వు రా.